లెన్సుల పెట్టె

మా అత్తగారు కుడుముల్లో పెట్టే పచ్చి మాంసం ముద్ద వాసన చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేస్తుంది. నాకా విద్య అబ్బలేదు. షూటింగ్ మొదలయ్యే రోజు తెల్లారకముందే లేచి పదకొండు మందికి కుడుములు చుడుతూ, ఈ ఒక్కరోజైనా దర్శకురాలికి ఎవరైనా వండిపెట్టొచ్చు కదా అనుకున్నాను. "నీ చేత్తో చేస్తేనే మన ఇంటి సినిమాలా ఉంటుంది" అన్నాడు మా ఆయన టాంగ్. ఆయన కెమెరామన్. కెమెరామన్‌ని వండమని ఎవరూ అడగరు.

ఇది నా మూడో సినిమా. మొదటి రెండూ ఏ థియేటర్లోనూ ఆడలేదు. సర్కారు అనుమతి ముద్ర లేని సినిమాలు మరి. కాలేజీ గదుల్లో, టీ దుకాణాల వెనక, గోడకి తెల్ల దుప్పటి కట్టి చూపించాం. ఈసారి ముద్ర కోసం దరఖాస్తు పెడుతున్నాం. అనుమతి లేకుండా రెండు తీసిన నా పేరుకి తోడు దర్శకుడిగా టాంగ్ పేరు కూడా, అదీ ముందు వేస్తే పని సులువవుతుందని లాంజౌ నగరం నుంచి నిర్మాత ఫోన్ చేశాడు. సాయంత్రంలోగా చెప్పాలి. అందాకా క్లాప్ బోర్డు మీద దర్శకుడి పేరు రాసే చోటు ఖాళీగా ఉంచారు. "ఎవరి పేరైతే ఏముంది, ఇల్లొకటే కదా" అన్నాడు టాంగ్. "మొగుడి పేరు ముందుంటే నీకేం తక్కువ?" అంది అత్తగారు. వాళ్ళ మాటా నిజమేననిపించింది. జనం చూడాలనే కదా సినిమా తీసేది? నా పేరొక్కటే ఉండాలని పంతం పడితే ఇదీ ఆ రెండింటిలాగే బీరువాలో పడి ఉంటుంది. వదులుకుంటే, మరి మూడేళ్ళు నిద్రమాని ఈ కథ రాసింది ఎవరు? ఆలోచించినకొద్దీ నాకు కావలసిందేమిటో నాకే తెలియకుండా పోతోంది.

మూతబడిన రాగి గని దగ్గర కెమెరాకి ఎర్రగుడ్డ కప్పి, అగరొత్తులు వెలిగించి, అందరం దండం పెట్టాం. మా బృందమంతా టాంగ్ స్నేహితులే. "వదినా, లైటెక్కడ పెట్టమంటావ్?" "వదినా, ఇంకో నాలుగు కుడుములున్నాయా?" రెండూ ఒకే గొంతుతో అడుగుతారు.

కథానాయిక బాయ్ పెద్దమ్మ నటి కాదు. ఈ గని గట్టు మీదే ముప్ఫై ఏళ్ళు రాగిరాయి ఏరిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగోసారి ఆ గట్టు మీద నడిపించేసరికి ఉసూరుమంటూ వచ్చి, పక్కనున్న లెన్సుల పెట్టె మీద కూలబడింది.

"లే పెద్దమ్మా, లే! ఆడవాళ్ళు దాని మీద కూర్చోకూడదు!"

అరిచింది నేనే. ఎవరూ అడక్కముందే. మా రంగంలో అదో పాత ఆచారం, ఆడది కూర్చుంటే సినిమాకి అరిష్టమట. మగవాళ్ళు మాత్రం దాని మీదే కూర్చుని సిగరెట్లు కాలుస్తారు, నేను చేసిన కుడుములు తింటారు. ఇరవై ఏళ్ళ క్రితం నన్నూ ఒకాయన ఇలాగే లేపాడు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. అప్పటినుంచి పూటల తరబడి నిలబడే పని చేశాను. ఇప్పుడు ఆయన గొంతు నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో తెలియలేదు. టాంగ్ నావైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపుకి నాకు సిగ్గేసింది.

పెద్దమ్మ గబగబా లేచి, పెట్టెని చొక్కా అంచుతో తుడవబోయింది. "తప్పయిపోయిందమ్మా. మా గనిలోనూ ఇంతే. ఆడవాళ్ళు దిగితే గని కూలుతుందని మమ్మల్ని కిందికి దిగనిచ్చేవాళ్ళు కాదు."

"మరి కూలలేదా?" అన్నాను.

"కూలకేం? మేం దిగకుండానే రెండుసార్లు కూలింది" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నా రెండు సినిమాల షూటింగుల్లోనూ ఏ ఆడదీ ఆ పెట్టె మీద కూర్చోలేదు. అయినా అవి ఎక్కడ ఆడాయి?

పెద్దమ్మ చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాను. మిగిలిన జానెడు చోటులో నేనూ కూర్చున్నాను. "రుయ్‌లాన్! పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు టాంగ్. ఎక్కిందేమో, చెప్పలేను. ముద్ర వస్తుందో రాదో, నిర్మాత ఉంటాడో పోతాడో, ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఏదీ తెలియదు. క్లాప్ బోర్డు తెప్పించుకుని, ఖాళీగా ఉన్నచోట నా పేరొక్కటే రాశాను. అక్షరాలు వంకరపోయాయి. దిద్దలేదు.

లైట్లతను దగ్గరికొచ్చాడు.

"వదినా, మరి మధ్యాహ్నానికి కుడుములు?"

"లైటు సంగతి అడుగు, చెప్తాను. కుడుముల సంగతి మీ టాంగ్ అన్నని అడుగు."