అమావాస్యనాటి ఫైనలు

ఆ ఏడు హనుమమ్మ కంటికి క్యాలెండరులో ఒక్క దినమే కనబడేది. పుష్య మాసపు అమావాస్య, శుక్రవారం. హిందూపురం కాలేజీ హాస్టలు వంటింట్లో పొయ్యికి ఎదురుగా వేలాడే క్యాలెండరులో ఆ నల్లచుక్క చుట్టూ బొగ్గుతో సున్నా చుట్టి పెట్టుకుంది. పొద్దున అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు ఒకసారి, రాత్రి పొయ్యి ఆర్పేటప్పుడు ఒకసారి దానివైపు చూసేది.

ఆ రోజు కాలేజీ పిల్లల ఫుట్‌బాల్ పోటీల ఫైనలు. చుట్టుపక్కల జిల్లాలనుంచి ఎనిమిది జట్లు వచ్చేవి. పోటీలు మొదలైనప్పటినుంచీ ఫైనలు అమావాస్యనాడే పెట్టడం అలవాటు. అందుకు కారణం ధర్మవరం మగ్గాలు. అక్కడ నేతగాళ్లకు నెలకు ఒక్క అమావాస్యే సెలవు. మగ్గం గుంటలోంచి లేచి ఎండ ముఖం చూసేది ఆ ఒక్క రోజే. పొద్దున పాసింజరెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం దిగి, సద్దిమూట విప్పుకుని మైదానం చుట్టూ కూర్చునేవారు. వాళ్లు లేకపోతే ఆ ఆటకు కేకలే లేవు.

హనుమమ్మకు ఆట సంగతి సరిగా తెలియదు. ఆమె కొడుకు తిమ్మప్ప హిందూపురం జట్టులో ఆడతాడని తెలుసు, మోకాళ్లు కొట్టుకుపోయి వస్తాడని తెలుసు. ఆమెకు కావలసింది అమావాస్య. ఆ రోజు నేతగాళ్లతోపాటు ఓబన్న వస్తాడు.

ఓబన్న ఆమె మొగుడు. పదకొండేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వాళ్లది పెనుకొండ దగ్గర మెట్ట సేద్యం. కరువు ఏళ్లలో వాన చుక్క లేక, ఓబన్న దున్నే మడకను మూలకేసి, ధర్మవరం పోయి ఒకాయన కింద కూలి మగ్గం నేర్చుకున్నాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని నిలబడుతూ కాలం తోశారు. ఆ ఏడే ఐదేళ్ల కూతురికి వాంతులూ బేదులూ పట్టుకుని ఒక పగలూ ఒక రాత్రిలో పోయింది. కబురు అందినా మగ్గం యజమాని కదలనివ్వలేదు. ఓబన్న నాలుగో రోజు, అమావాస్యకు వచ్చాడు. హనుమమ్మ తలుపు సందులోంచే చూసి, "నువ్వు రావాల్సిన దినం పాయె. ఇంగ ఎప్పుడొస్తే ఏమి, రాకుంటే ఏమి" అని గడియ పెట్టుకుంది. ఆయన కాసేపు అరుగుమీద కూర్చుని లేచిపోయాడు. అంతే.

ఇప్పుడు తిమ్మప్ప పట్టాళంలో చేరుతున్నాడు. చైనా యుద్ధం ఆగి రెండు నెలలు. కాలేజీలకు వచ్చి పిల్లలను ఎంచుకుంటున్నారు. తిమ్మప్ప ఎత్తు చూసి, ఛాతీ చూసి తీసుకున్నారు. పోటీలు అయ్యేదాకా వదిలిపెట్టమని డ్రిల్లు మాస్టరు జయరామయ్య రాస్తే సరేనన్నారు. ఆ కబురు విన్ననాటినుంచి హనుమమ్మకు కంటిమీద కునుకు లేదు. యుద్ధానికి పోయేవాడు తండ్రిని చూడకుండా పోతే ఆ పాపం తనదే అనుకుంది. పెనుకొండలో ఉన్న ఆడబిడ్డ సిద్ధమ్మతో కబురంపింది. సిద్ధమ్మ ధర్మవరం పోయి వచ్చి చెప్పింది.

"వస్తాడంట వదినా. అమావాస్యకు ఆట చూసే వంకన వస్తాడంట. బిడ్డకు ముందే చెప్పద్దన్నాడు. వాడు మొగం తిప్పుకుంటాడేమోనని బయం ఆయనకు."

"నేనూ చెప్పన్లే" అంది హనుమమ్మ.

ఇట్లా ఉండగా ఒక మంగళవారం సాయంత్రం హాస్టలు భోజనాల గదిలో కమిటీ కూడింది. జయరామయ్య, కప్పు ఇచ్చే బట్టల కొట్టు చెన్నకేశవులు శెట్టి, ఇంకో ఇద్దరు. హనుమమ్మ కాఫీ గ్లాసులు పెడుతోంది.

"శెట్టిగారూ, మన అదృష్టం పండింది" అన్నాడు జయరామయ్య జేబులోంచి కాగితం తీసి. "రేడియో వాళ్లు మన ఫైనలుకు అరగంట ఇచ్చినారు. సాయంత్రం అయిదునుంచి అయిదున్నర. కామెంటరీ! కడపలో వింటారు, కర్నూల్లో వింటారు."

"నా పేరు చెప్తారా?"

"కప్పు పేరే మీ నాయన పేరు గదప్పా. చెప్పక యాడికి పోతారు?"

శెట్టి మీసం సవరించుకున్నాడు. "అయితే ఇంగేమి, కానీ."

"ఒక్కటే చిక్కు. శుక్రవారం వాళ్లకు వేరే కార్యక్రమం ఉండాదంట. ఇచ్చేది ఆదివారమే. అంటే ఈ వచ్చే ఆదివారం."

"అమావాస్యకు ముందే పెడితే ధర్మవరమోళ్లు యాడొస్తారు?" అన్నాడు కమిటీలో ఒకాయన. "మొగ్గాలిడిచి వస్తారా?"

"ఏమబ్బా నువ్వు! ఈడికొచ్చేది రెండు నూర్ల మంది. రేడియోలో వినేది లచ్చల మంది. ధర్మవరం పార్కులో మాత్రం రేడియో లేదా? ఆడ నిలబడి వింటారు."

"కాళ్లు నొయ్యకుండా" అని శెట్టి నవ్వాడు.

హనుమమ్మ చివరి గ్లాసు బల్లమీద పెట్టింది. చెయ్యి కొంగుతో తుడుచుకుంటూ, "సార్, వాళ్లకు ఎట్ల తెలస్తాది, ఆదివారం అని?" అంది.

జయరామయ్య ఆశ్చర్యంగా చూశాడు. వంటామె ఎప్పుడూ నోరు తెరిచి ఎరగదు. "రేడియోలోనే చెప్తారమ్మా. మూడు దినాలు వరసగా చెప్తారు" అన్నాడు.

పగలల్లా మగ్గం టకటకల్లో ఉండేవాళ్లకు పార్కులో మోగే రేడియో ఎట్లా వినబడుతుందని ఆమెకు నోటిదాకా వచ్చింది. ఖాళీ పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ రాత్రే పోస్టుకార్డు ముందు పెట్టుకుని కూర్చుంది. తిమ్మప్ప పాత వాచకాలు చూసి తనంతట తానే నేర్చుకున్న అక్షరాలు ఆమెవి, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. "ఆట ఆదివారానికి మార్చినారు. ఎట్లన్నా చేసి రావల్ల" అని రాసింది. పైన మొదటి వరుస ఖాళీగా ఉంది. ఆయనను ఏమని పిలవాలి? పెళ్లయిన నాటినుంచి పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమండీ" అనే అలవాటు వాళ్లిళ్లలో లేదు. తలుపు మూసిన చేత్తో "మీకు నమస్కారం" అని రాస్తే ఎగతాళి చేసినట్టుంటుంది. కార్డు చదివిపెట్టేది మగ్గం యజమాని గుమాస్తా. పదిమంది వింటారు. ఆలోచించి ఆలోచించి కార్డు తీసి మిరపకాయల డబ్బా కింద పెట్టింది.

తెల్లారేసరికి మనసు ఇంకో దారి వెతుక్కుంది. ఆట ఆదివారమైతేనేం? ఆయన వచ్చేది ఆటకోసమా? తిమ్మప్ప బండెక్కేది ఆ మరునాడు, శనివారం; అందాకా ఇక్కడే ఉంటాడు. శుక్రవారం ఆయన దిగితే మైదానంలో కాకుంటే వంటింట్లో చూసుకుంటాడు బిడ్డను. కూర్చోబెట్టి ఇద్దరికీ తానే వడ్డిస్తుంది. ఇంకా మంచిదే. అట్లా సర్దుకుంది. కార్డు డబ్బా కిందే ఉండిపోయింది.

ఆదివారం వచ్చింది. సగానికి ముప్పై అయిదు నిమిషాల చొప్పున ఆట నాలుగుంబావుకు మొదలుపెడితే రేడియో వచ్చేసరికి రెండో సగం నడుస్తుందని, గెలుపోటములు సరిగ్గా ఆ అరగంటలో పడతాయని జయరామయ్య లెక్క. గడియారం చేత పట్టుకుని తిరిగాడు పాపం. కానీ ముఖ్య అతిథిగా పిలిచిన పెద్దమనిషి కారు అయిదు గంటలకు గానీ రాలేదు. రేడియో మనిషి మైకు ముందు చెమటలు కక్కుతున్నాడు. హనుమమ్మ వంటింట్లో అతిథులకు బజ్జీలు వేస్తోంది. శెట్టి తన ఇంటి రేడియో తెచ్చి భోజనాల గదిలో పెట్టించాడు, ఎట్లా వస్తుందో వినాలని. అందులో మొదట పూలమాలలు వచ్చాయి. తర్వాత శెట్టి తండ్రి పేరు వచ్చింది. తర్వాత పెద్దమనిషి దేశరక్షణ గురించి మాట్లాడాడు. ఆటగాళ్లతో కరచాలనం చేస్తున్నారన్నారు. ఆట మొదలైంది, బంతి ఇటు వచ్చింది, అటు పోయింది అన్నారు. ఇంతలో అరగంట అయిపోయింది. పంటల ధరలు మొదలయ్యాయి.

తిమ్మప్ప గోలు కొట్టింది ఆ తర్వాత, వెలుతురు మందగించాక. మూలనుంచి వచ్చిన బంతిని తలతో కొట్టాడని పిల్లలు వచ్చి చెప్పారు. హిందూపురం గెలిచింది. హనుమమ్మ చేతులనిండా శనగపిండి.

సోమవారం సాయంత్రం తిమ్మప్ప వంటింటి గడపమీద కూర్చున్నాడు.

"మా, బుధవారం పొద్దున బండికి బెంగుళూరు పోవల్ల."

"బుధవారమేంది? శనివారం గదా?"

"ఆట అయ్యేదాకానే గదా వాళ్లు వదిలింది. ఆట అయిపాయె. పేపర్లో చూసి, ఇంగ రమ్మని తంతి కొట్టినారు."

హనుమమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఎగదోసిన కట్టెనే మళ్లీ బయటికి లాగింది. మార్చింది ఆట ఒక్కటే అనుకుంది. దాన్ని పట్టుకుని వేలాడుతున్నదంతా మారుతుందని తోచలేదు. కార్డు ఇప్పుడు తపాలా డబ్బాలో వేసినా ఎప్పటికి చేరేను? చేరినా మగ్గం ఎవరు వదిలేను?

మంగళవారం రాత్రి జయరామయ్య ఇంటికి పోయింది. ఆయన అన్నం తింటూ ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు.

"సార్, రెండు దినాలు ఆపమని రాయండి. శుక్రవారందాకా. వాళ్ల నాయన వస్తాడు."

"వాళ్ల నాయన ఉండాడా?" అన్నాడు ఆయన. మరుక్షణం ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నాడు. "పట్టాళం పని మన ఫైనలు కాదు గదమ్మా, జరపడానికి. ముందే ఒక మాట నా చెవిన వేసింటే..."

"వేసింటే అమావాస్యకే పెట్టేవాళ్లా సార్?"

జయరామయ్య ఎంగిలి చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు.

బుధవారం పొద్దున హిందూపురం స్టేషనులో బండి కూత పెట్టాక, కిటికీ చువ్వలు పట్టుకుని హనుమమ్మ చెప్పింది. "ఎల్లుండి మీ నాయన వస్తాడురా. నిన్ను చూసేకి."

తిమ్మప్ప ముఖం తిప్పుకోలేదు. అంతకాలం తల్లీ తండ్రీ దేనికి భయపడ్డారో అది జరగలేదు. తల్లివైపే చూస్తూ, "ఎట్లుంటాడుమా? నాకు మీసాలొక్కటే గుర్తు" అన్నాడు.

ఆమె చెప్పబోయేలోగా బండి కదిలింది. నాలుగడుగులు పక్కన నడిచింది. ప్లాట్‌ఫారం అయిపోయింది.

శుక్రవారం పొద్దున ధర్మవరం పాసింజరు దిగి నేతగాళ్లు వచ్చారు. ముప్పై నలభై మంది ఉంటారు, ఉతికిన పంచెలు, సద్దిమూటలు. మైదానంలో రెండు మేకలు మేస్తున్నాయి. సున్నపు గీతలు సగం చెరిగిపోయాయి.

"ఏమప్పా, ఆట యాడ?" అన్నారొకరు.

"ఆదివారమే అయిపాయెనంట. రేడియోలో చెప్పినారంట."

"మనకెవురు చెప్పల్ల? మొగ్గం చెప్పల్లనా?" అని ఒకాయన నవ్వాడు. తక్కినవాళ్లు నవ్వలేదు. కొందరు తిట్టుకుంటూ ఊళ్లోకి పోయారు. ఇంకొందరు ఎటూ పోలేక నీడకు కూర్చుని మూటలు విప్పారు.

ఒకడు మాత్రం గోలు గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. హనుమమ్మ దూరంనుంచే గుర్తుపట్టింది. మీసాలు లేవు. గుంటలో కూర్చుని కూర్చుని నడుము వంగింది. దగ్గరికి పోయేసరికి దగ్గు వినబడింది.

"యాడ వాడు?" అన్నాడు ఓబన్న. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట.

"మొన్న పాయె. బెంగుళూరుకు."

ఆయన మూటలోంచి ఏదో తీయబోయినవాడు చెయ్యి అక్కడే ఆపాడు. కాసేపటికి తీశాడు. జానెడు వెడల్పు బట్ట పట్టీలు రెండు, మెత్తగా, మగ్గంమీద మిగిలిన పడుగు దారాలతో నేసినవి. "ఆటోళ్లు మోకాళ్లకు కట్టుకుంటారంట గదా" అన్నాడు.

హనుమమ్మ అందుకుంది. పట్టీలు నలగకుండా మడిచి పట్టుకుంది.

"రేడియోలో చెప్పినారంట గదా, దినం మార్చినట్ల" అన్నాడాయన. "మాకు ఇనపడల్యా."

ఆ మాట పట్టుకుంటే తప్పు రేడియోది అయ్యేది, జయరామయ్యది అయ్యేది. ఆయన అంతకంటే ఏమీ అడిగేలా లేడు. హనుమమ్మకు తలుపు సందు గుర్తొచ్చింది.

"రేడియో కాదు. నేను చెప్పాల్సింది. కార్డు రాసి పెట్టుకుంటి. వెయ్యలేదు."

ఓబన్న మూట మళ్లీ ముడి వేసుకున్నాడు. ఎందుకు వెయ్యలేదని అడుగుతాడేమో, తిడతాడేమో అని ఆమె కాచుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"నేను అప్పుడు నాలుగు దినాలు ఆలస్యం. ఇప్పుడు రెండే" అన్నాడు చివరికి. అందులో ఎత్తిపొడుపు లేదు. మనిషి లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు, అంతే. తర్వాత, "ఎంత ఎత్తయినాడు?" అని అడిగాడు.

హనుమమ్మ గోలు గుంజ పక్కకు పోయి, మడమలెత్తి, చెయ్యి పైకి చాపి చూపించింది. "ఈడికి వస్తాది తల."

ఓబన్న వచ్చి ఆమె చెయ్యి తీసిన చోట తన అరచెయ్యి ఆనించాడు. అందుకోడానికి ఆయనా మడమలెత్తవలసి వచ్చింది. దగ్గు తెర వచ్చినా చెయ్యి తీయలేదు.

"అన్నం తినిపో" అంది ఆమె. "పొయ్యిమీద ఉండాది."

"బండికి టైముంది గదా" అన్నాడు. కానీ గుంజ దగ్గరనుంచి కదలలేదు. అరచెయ్యి ఆనించిన చోటే చూస్తూ, "వానికి లీవిచ్చినప్పుడు, అమావాస్య చూసుకుని రమ్మని రాయి" అన్నాడు.

"రాస్తాలే" అంది హనుమమ్మ.