గరాజ్ పక్క గది

ముప్పైమందికి సరిపడా గారెలపిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, విమలకుమారి పొద్దున్నే ఆస్పత్రి లాబ్‌లో డ్యూటీకి వెళ్లింది. ఆ సాయంత్రం తెలుగు చర్చివాళ్లు క్యారల్స్ పాడుతూ వాళ్లింటికి వస్తారు. "గారెలు వేడివేడిగా ఉండాలి. పోయినేడు నళిని వాళ్లింట్లో చల్లారిపోయినవి పెట్టారు," అని సుందర్ రాజ్ ముందురోజే రెండుసార్లు చెప్పాడు. వేసేది ఎవరో చెప్పలేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో అది చెప్పాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

విమల బోటనీలో ఎమ్మెస్సీ. ఎనభైలో మొగుడి వెంట అమెరికాలోని నోవై ఊరికి వచ్చాక ఆ చదువుకి పని దొరక్క, ట్రైనింగయి రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరింది. మొక్కల్ని మాత్రం వదల్లేదు. కరివేపాకు, మల్లె, ముద్దమందారం, పెద్ద కుండీలో ఒక పిలక అరటి. ఎండలున్నన్నాళ్లూ పెరట్లో ఉండేవి. చలి మొదలవగానే వాటిని ఫ్యామిలీ రూమ్‌లోకి చేర్చేది, వాటితోపాటే మాటలూ మొదలయ్యేవి. "కార్పెట్ నిండా మట్టి." "ఈ పురుగులేంటి?" "ఇది ఇల్లా, నర్సరీయా?" అత్తగారు వచ్చి ఉన్న ఆరునెలల్లో ఆవిడా ఒక మాట కలిపింది: "ఆ చెట్లకు చేసే సేవలో సగం నా కొడుక్కి చేస్తే వాడి ఒంటికి కాస్త కండ పట్టేది." విమల నవ్వేసి ఊరుకుంది. నవ్వేసి ఊరుకోవడం కూడా ఇంటిచాకిరీలో భాగమేననీ, రోజంతా గిన్నెలు తోమినదానికన్నా దానికే ఎక్కువ ఓపిక ఖర్చవుతుందనీ ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ సెప్టెంబర్‌లో వీధి చివరి ఇంటివాళ్లు కిటికీలు మార్చుకుని, పాత అద్దాలను చెక్క ఫ్రేములతో సహా చెత్తకు పెట్టారు. విమల అడిగి కార్‌లో తెచ్చుకుంది. లైబ్రరీ పుస్తకం చూసుకుంటూ, దక్షిణంవైపు గరాజ్ గోడకు ఆనించి మొక్కలకో గది కోసం చెక్కలతో చట్రం నిలబెట్టింది. ముందువైపు ఆ కిటికీలు బిగించింది. పైకప్పుకి దళసరి ప్లాస్టిక్ షీటు రెండు పొరలుగా, మధ్యలో గాలి నిలిచేలా కొట్టింది. ఖాళీ పాల క్యాన్లకు నల్లరంగు పూసి, నీళ్లు నింపి గోడవారన పేర్చింది, పగటి ఎండ తాగి రాత్రికి ఆ వేడి వదులుతాయని. ఎండ లేని రోజులకు ఒక చిన్న హీటర్ పెట్టి, దాని వైరు గరాజ్ బయట ఉన్న ప్లగ్‌కి లాగింది. సుందర్ రాజ్ కాఫీ కప్పుతో వచ్చి చూసి, "గాలొస్తే పక్కింట్లో పడుతుంది," అని లోపలికెళ్లాడు. గాలులొచ్చాయి. గది కదల్లేదు. నవంబర్‌లో చర్చి భోజనాల దగ్గర అబ్రహాం అన్నయ్య, "ఈ చలిలో మీ ఇంట్లో తాజా కరివేపాకట కదా బ్రదర్!" అంటే సుందర్ రాజ్, "చిన్న డిజైన్ వేశానండీ. విమల కూడా హెల్ప్ చేసింది," అన్నాడు. విమల చేతిలో సాంబారు గరిటె ఉంది. ఎదురుగా దెబోరా ప్లేటు చాచి నిలబడి ఉంది. వడ్డించింది.

ఇవాళ ఆమె డ్యూటీ దిగేసరికి మంచు జోరుగా పడుతోంది. రోడ్డు కనబడక, ముందు పోతున్న ట్రక్ ఎర్రలైట్లు పట్టుకుని డ్రైవ్ చేసింది. మలుపు తిరగగానే తమ ఇంటిమీద నిలువెత్తు క్రిస్మస్ నక్షత్రం వెలుగుతూ కనిపించింది. ఒక్క క్షణం ముచ్చటేసింది. ఆ వెంటనే దాని వైరు ఎక్కడిదాకా వెళ్లిందో చూసింది. గరాజ్ ప్లగ్‌లో నక్షత్రం వైరు ఉంది. హీటర్ వైరు మంచులో పడి ఉంది.

సుందర్ రాజ్ హాల్లో కుర్చీలు వేస్తున్నాడు.

"హీటర్ ఎప్పుడు తీశారు?"

"పొద్దున, నువ్వెళ్లగానే. రెండూ పెడితే ఫ్యూజ్ పోతోంది. ఒక్కరోజుకి ఏమవుతుంది విమలా? ముందు స్టవ్ వెలిగించు, టైమ్ అవుతోంది."

ఆమె కోటు విప్పకుండానే వెనక్కి తిరిగింది. గదిలో అద్దాలకు లోపలివైపు మంచు పేరుకుని ఉంది. క్యాన్లలో నీళ్లమీద పలచగా గడ్డ కట్టింది. అరటాకులు ఉడికించినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. మందారం ముడుచుకుపోయింది. గ్లౌజు తీసి కరివేపాకు కొమ్మను గోటితో గీకింది. వేలికి స్పర్శ తెలియడం లేదు. ఇంకొంచెం కింద, మొదలుకి దగ్గరగా మళ్లీ గీకింది. లోపల పచ్చగా ఉంది, ప్రాణముంది.

ఆమె బయటికొచ్చి నక్షత్రం వైరు లాగేసింది. ఇంటి ముందు ఒక్కసారిగా చీకటి పడింది. హీటర్ వైరు ప్లగ్‌లో పెడుతుండగానే సుందర్ రాజ్ పరుగెత్తుకొచ్చాడు.

"నీకేమైనా పిచ్చా? క్రిస్మస్ నక్షత్రం ఆర్పేస్తావా? దేవుడి పని కంటే ఈ చెట్లెక్కువా? పాస్టర్‌గారొస్తున్నారు!"

"ఈ చెట్లనీ ఆయనే చేశాడండీ," అంది. వైరు మీంచి చెయ్యి తియ్యలేదు.

అతను ఆ చెయ్యి వైపు చూశాడు. లాగేస్తాడేమోనని ఆమె వైరును ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈ పన్నెండేళ్లలో అతనెప్పుడూ తనను కొట్టలేదు. కొట్టాల్సినంత దూరం తనెప్పుడూ వెళ్లలేదు కాబట్టేనేమోనని ఆ క్షణంలో మొదటిసారి అనిపించింది. మంచు ఇద్దరి తలలమీదా పడుతోంది. చివరికి అతనే అడుగు వెనక్కి వేశాడు.

"వాళ్లొచ్చే టైమయింది. గారెలెవరు వేస్తారు?"

"పిండి ఫ్రిజ్‌లో ఉంది. నూనె స్టవ్ పక్కనుంది. తడిచేత్తో వత్తితే అంటుకోదు."

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చచ్చిన ఆకులు కోసి పారేసింది. అరటి దక్కదని తెలిసిపోయింది. మల్లె సంగతి వసంతంలోగానీ తేలదు. మిగిలిన కుండీలన్నీ హీటర్ చుట్టూ లాగి, గోనెసంచులు కప్పింది. పైన ఒకచోట షీటు చిరిగి చలిగాలి దూరుతోంది. స్టూలెక్కి టేపు అంటిస్తుండగా వాకిట్లో కార్లు ఆగిన చప్పుడు, "వందనాలు, వందనాలు" అన్న పలకరింపులు, వాటివెనకే మాడిన నూనె వాసన. కాళ్లు వంటింటి వైపు పోబోయాయి. అలవాటు. ఆమె స్టూలుమీదే నిలబడి ఆ కాళ్లను ఆపుకుంది. ఇంట్లోకెళ్లి నవ్వుతూ ప్లేట్లు అందిస్తే అంతా సర్దుకుంటుంది. అలా సర్దుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గరిటెతో నిలబడి మింగిన మాటతో సహా.

తలుపు కాస్త తెరుచుకుంది. సుందర్ రాజ్ చొక్కామీద పిండి మరకలున్నాయి.

"అందరూ వచ్చేశారు," అన్నాడు లోగొంతుతో. "దెబోరా నువ్వేదని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

విమల టేపు పళ్లతో తెంపి, చిరుగు మీద పెట్టి గట్టిగా నొక్కింది.

"విమల పని చేసుకుంటోందని చెప్పండి," అంది.