రాలిన ఆకులో రేపు

కాలేజీ ఆవరణలో రాలిన ఆకులు ఏరుకొచ్చి, మూడు రోజులు తడిగుడ్డలో చుట్టి ఉంచి, వాటిమీద పుట్టిన బూజును మైక్రోస్కోపులో చూస్తూ పెన్సిలుతో బొమ్మ గీయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ ఊరందరికీ ఆవిడ బూజమ్మే.

కంటికి ఆనని ఆ బూజులో మర్నాటి ఊరు కనిపించేది. గద్ద పైనుంచి చూసినట్టు వీధులు, ఇళ్ళ కప్పులు, మనుషుల నడినెత్తులు. అందుకే ల్యాబు కిటికీ దగ్గర పొద్దున్నే జనం మూగేవారు.

"బూజమ్మా, రేపు మా వీధికి నీళ్ళొస్తాయా?"

"మా అల్లుడు గానీ దిగబడుతున్నాడేమో, కాస్త చూడు తల్లీ!"

అల్లుడు వస్తున్నాడని చెబితే, ఇంటికి తాళం పెట్టి మాయమైనవాళ్ళు కూడా ఉన్నారు.

మైక్రోస్కోపులో ఒక తిరకాసు ఉంటుంది. కుడివైపుది ఎడమకి, ఎడమవైపుది కుడికి మారి కనిపిస్తుంది. ఆవిడ మనసులోనే తిప్పుకుని గీసేది. అలా తిప్పుకుంటున్నానన్న సంగతి కూడా ఎప్పుడో మరిచిపోయింది.

ఆ రోజు బల్లమీద కొత్త మైక్రోస్కోపు పెట్టారు. మొదటి ఆకులోనే అక్క ఇల్లు కనబడింది. మధ్యలో నీలం నీళ్ళట్యాంకు, అటొకటి ఇటొకటి అచ్చుగుద్దినట్టుండే రెండు పెంకుటిళ్ళు. కుడివైపు ఇంటి కప్పు కూలిపోయి ఉంది. 

కుడివైపు ఇల్లు అక్కది. కానీ బూజమ్మ అలవాటుగా తిప్పుకుంది. అంటే కూలేది ఎడమవైపున్న టైలరమ్మ ఇల్లు. పాపం అనిపించినా, అక్క కాదు కదా అని గుండె కుదుటపడింది.

మధ్యాహ్నం వెళ్ళి చెప్పింది. టైలరమ్మ గొడవేం చెయ్యలేదు. "బూజులో కనబడ్డాక ఇంకేముందమ్మా" అని గుడ్డలు మూట కట్టుకుంది. ఆరేళ్ళ క్రితం దండెం దగ్గర తగువు పడ్డప్పటినుంచీ ఆవిడకీ అక్కకీ మాటల్లేవు. కాబట్టి తలదాచుకోవడానికి పక్కింటికి వెళ్ళే ప్రశ్నే లేదు. మర్నాడు తెల్లారాక రోడ్డుకి అవతల స్టూలేసుకుని కూర్చుని చేతికుట్టు మొదలెట్టింది. ఇనప మిషను మాత్రం ఒంటరిగా మోయలేక ఇంట్లోనే వదిలేసింది.

"నీకేం భయం లేదక్కా, నువ్వు ఇల్లు కదలకు" అని అక్కకి చెప్పింది బూజమ్మే.

ఆ ఉదయం పదింటికి ప్రొఫెసర్‌గారు బొమ్మ చూసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇదేంటమ్మా, అంతా తారుమారుగా గీశావు? కొత్తదాంట్లో ఉన్నది ఉన్నట్టే కనబడుతుందిగా. నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు.   బూజమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా అక్క ఇంటికి పరిగెత్తింది.

వీధి మలుపు తిరుగుతుండగానే ఆ చప్పుడు వినబడింది. దుమ్ము లేచింది. అక్క ఇంటి గోడలు నిలబడే ఉన్నాయి, కప్పు లేదు. టైలరమ్మ రోడ్డుమీద సూది పట్టుకుని కొయ్యబారిపోయింది.

"మా అక్కేది?"

"లోపలే ఉండాలమ్మా. బయటికి రావడం నేను చూళ్ళేదు."

ఇద్దరూ చేతులతోనే పెంకులు లాగారు. గోళ్ళు విరిగాయి. "కదలొద్దని నేనే చెప్పాను, నేనే చెప్పాను" అంటూ బూజమ్మ ఏడుస్తూనే ఉంది.

అంతలో దగ్గు వినబడింది. పెంకుల కిందనుంచి కాదు. టైలరమ్మ ఇంట్లోనుంచి.

వెళ్ళి చూస్తే, అక్క కుట్టుమిషను కాళ్ళని రెండు చేతులా కావలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నేలమీద కూర్చుని ఉంది.

"వదినా!" టైలరమ్మ గబగబా దగ్గరికొచ్చింది. "ఇది కూలే ఇల్లని తెలిసే వచ్చావా?"

"పెరటి దారిన వచ్చాను. ఈ మిషను పోతే నువ్వేం చేసుకుని బతుకుతావే? ఎత్తబోతే నడుం పట్టేసింది. నిన్ను పిలుద్దామంటే, మనకి మాటల్లేవాయె." అక్క మెల్లగా ఒక కన్ను తెరిచి పైకి చూసింది. "అంత చప్పుడైంది కదా, నామీద పడలేదేంటే?"

"కూలింది నీ ఇల్లక్కా" అంది బూజమ్మ.

అక్క రెండో కన్ను కూడా తెరిచింది.  టైలరమ్మ వచ్చి ఆవిడ పక్కన చతికిలబడి, మిషనుమీదున్న ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే విడదీయడం మొదలెట్టింది. అవి ఎంతకీ ఊడి రావడంలేదు.