కంపెనీ గుంట బొచ్చె

తవుడు సరిగా తడిసిందో లేదో చూడడానికి హజరత్తయ్య ఒక పిడికెడు తీసి పిసికాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారలేదు. ముద్ద విడిపోలేదు. సరిపోయింది. రెండు బొచ్చెల తవుడుకు ఒక బొచ్చె వేరుశనగ చెక్క, దాంట్లోకి రెండు రోజులు పులిసిన గంజి. పదమూడేళ్ళుగా ఇదే కొలత. కొలిచే గిన్నె కూడా అదే. ఉద్యోగంలో చేరిన రోజు సర్కారు వాళ్ళిచ్చిన అల్యూమినియం బొచ్చె, ఒక పక్క సొట్ట, అంచు దగ్గర మేకుకు తగిలించుకోవడానికి ఒక బొక్క.

ఎడమ చెయ్యి నిన్నటి నుంచి లాగుతూ ఉంది. తవుడు పిసికేది కుడిచేత్తో కదా, ఎడమది ఎందుకు లాగాలో అతనికి అర్థం కాలేదు. రెండుసార్లు విదిలించి ఊరుకున్నాడు.

సూర్యుడు తాళ్ళ తోపు మీదికి వచ్చాడు. తోపుకు అవతల నాలుగు మైళ్ళలో సముద్రం. ఇవతల పడమటి పక్క రైలుకట్ట. రెంటికీ నడుమ నాలుగెకరాల నీళ్ళు, అదే కంపెనీ గుంట. రైలు కంపెనీ వాళ్ళు కట్ట పొయ్యడానికి మట్టి తవ్వుకుపోతే మిగిలిన గొయ్యి అది. తర్వాత వానలు దాన్ని నింపాయి. బిట్రగుంట షెడ్డులో పనిచేసిన ఇంజను డ్రైవర్లు, ఆంగ్లో ఇండియన్ దొరలు, గోదావరి నుంచి బొచ్చె చేప పిల్లల్ని మట్టి కుండల్లో పెట్టి, ఇంజనులో బొగ్గుల పక్కనే నిలబెట్టి తెచ్చి ఇందులో వదిలారంటారు. ఆదివారాలు టోపీలు పెట్టుకుని గట్టు మీద గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళు. దొరలు పోయారు, ఆదివారాలు మాత్రం మిగిలాయి. కావలి ప్లీడర్లు, గూడూరు అభ్రకం షావుకార్లు, ఎక్కడెక్కడి వాళ్ళో రైలు దిగి గట్టు మీదికి నడిచి వచ్చేవాళ్ళు.

వాళ్ళంతా వచ్చేది ఒకే ఒక చేప కోసం. దాని పేరు దొరసాని.

మూడు మణుగులుంటుందని ఒకరు, నాలుగుంటుందని ఒకరు. సాయంత్రం నీళ్ళ మీదికి వచ్చి నోరు తెరిస్తే చేటంత ఉండేది. వీపు నల్లగా బర్రె దూడలాగా కనిపించేది. ఒక ప్లీడరు గారి గాలం కర్రను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లాక్కుపోయింది. ఆయన ఆ కథను కోర్టులో కేసుకన్నా బాగా చెప్పేవాడు. ఎవరికీ చిక్కలేదు. గాలం నీళ్ళలో ఉన్నంతసేపు దాని పేరు పలకకూడదని గుంట దగ్గర ఒక ఆచారం ఏర్పడింది. 'ఆమె' అనాలి. లేకపోతే 'బొచ్చె' అనాలి, అంతే.

హజరత్తయ్య ఈ గుంటకు వాచరు. యాభై ఆరేళ్ళు. బక్క మనిషి, ఖాకీ చొక్కా, మోకాళ్ళ పైకి మడిచిన పంచె, బురదలో తెల్లగా పగిలిన పాదాలు. ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పోతే వాళ్ళమ్మ కసుమూరు దర్గాకు మొక్కుకుని ఇతనికి ఆ పేరు పెట్టింది. పేరు చూసి సాయిబనుకుని పై ఆఫీసు వాళ్ళు మొదటి ఏడు రంజాన్‌కు సెలవిచ్చారు. ఇతను కాదనలేదు. ఆ రోజు ఇంటి కప్పు దూలం మార్చుకున్నాడు.

ముద్దలు గట్టు వెంబడి ఒక్కొక్కటే విసురుతూ, ఎండ్రకాయలు చేసిన బొక్కల్ని కాలితో తొక్కి మూస్తూ నడిచాడు. జువ్వలదిన్నె నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని స్టేషనుకు పోయే మాలకొండమ్మ గట్టు మీద ఎదురయింది.

"ఏం హజరత్తయ్యన్నా, అంత సముద్రాన్ని పక్కన పెట్టుకోని ఈ గుంతకు కాపలా కాస్తా ఉండావే! మా చేపలకు ఎవురు కాపలా?"

"మీయి పారిపోతే యాడికి పోతాయిమ్మే, మళ్ళా సముద్రంలోకే గదా."

"తవుడు పెట్టి మేపతావుండావు. చేపలా, బర్రెలా?"

"బర్రెలయితే పాలన్నా ఇచ్చేటివి."

ఆమె గంప కదిలేలా నవ్వి, వంగకుండానే చెయ్యి పైకి పెట్టి రెండు గుప్పిళ్ళ నెత్తళ్ళు తీసి అతని తువ్వాల్లో పోసింది. "పెంచలక్కకియ్యి. నువ్వా, నీ గుంట చేప తినవు. ఇంట్లో ఆ యమ్మ నోరు గూడా కట్టేసినావు."

నిజమే. తవుడు వాసనకు వచ్చి చేతి కింద తిరిగేదాన్ని వండుకుని తినడం అతని వల్ల కాలేదు. ఎవరో పెట్టిన నియమం కాదు అది.

గట్టు చివర తాటాకుల పాక దగ్గర భార్య పెంచలమ్మ సంగటి గిన్నె దించి నిలబడి ఉంది. తెల్లటి పింగాణీ బొచ్చె, నీలం అంచు. నెత్తళ్ళు తీసుకుంది గానీ వెళ్ళలేదు.

"ఈ పొద్దన్నా చెప్తావా?"

"చెప్తా."

"పోయిన ఆదివారం గూడా అట్నే అంటివి. ఆ పెద్దాయన ప్లాటుఫారం మీద పడినాడు. మోకాలు చూస్తివి గదా, ఎట్ట వాచిందో. లేని చేప కోసం ఆయన్ని ఎన్నాళ్ళు తిప్పతావు?"

"చెప్తానంటిని గదే. ఆ మాట చెప్తే ఆయన మళ్ళా రాడు. అదీ ఆలోచన."

"రాకపోతే ఇంట్లో పడుకుంటాడు. బతికుంటాడు."

హజరత్తయ్య మొలతాడుకు కట్టుకున్న చిన్న గుడ్డసంచిని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. లోపల గాలం ఉంది.

పెద్దాయన అంటే రంగనాయకులు గారు. స్టేషను మాష్టరుగా చేసి గూడూరులో రిటైరయ్యారు. భార్య పోయింది. ప్రతి ఆదివారం ప్యాసింజరులో రెండున్నర గంటలు ప్రయాణం చేసి వస్తారు. అయిదేళ్ళ కిందట దొరసాని ఆయన గాలానికి తగిలింది. ముప్పావు గంట లాగారు. హజరత్తయ్య పక్కనే నిలబడి ఊపిరి పీల్చడం మర్చిపోయాడు. చివరికి దారం తెగింది, గాలం దాని పెదవిలోనే ఉండిపోయింది. గూడూరులో హుస్సేన్ సాహెబు గొడుగు ఊచతో చేసి, మెడకు ఇత్తడి తీగ చుట్టిన గాలం అది. ఆ రోజు నుంచి ఆయన గట్టు ఎక్కగానే అడిగేది ఒకటే: "ఉందా?"

"ఉండాదయ్యా," అని ఇతను చెప్పేవాడు. మూడేళ్ళు అది నిజం.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం గుంటలో మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి. ఒక తెల్లవారుజామున తూర్పు గట్టు దగ్గర దొరసాని పక్కకు ఒరిగి తేలుతూ కనిపించింది. ఒక్కడే గోనెపట్టా మీదికి చేర్చి లాగి, రెండు తాటిచెట్ల నడుమ గొయ్యి తవ్వి పూడ్చాడు. పెదవిలోని గాలాన్ని తీసి దాచాడు. చెట్ల మీది కాకులు తప్ప ఎవరూ చూడలేదు.

అది సర్కారు చేప. చెప్పకపోతే తప్పు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బస్సెక్కి గూడూరులోని పై ఆఫీసుకు పోయాడు. గుమాస్తా పద్మనాభయ్య గారు చేప ముట్టని ఇంట్లో పుట్టినాయన. ఫైళ్ళలో చేపలకు ఇంగ్లీషు పేర్లుంటాయి, ఆయనకు తెలిసినవి అవే.

"పెద్ద బొచ్చె పొయ్యిందండీ," అన్నాడు హజరత్తయ్య. ఆ మాటతోనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

పద్మనాభయ్య గారు కంగారుగా లేచారు. "అయ్యయ్యో, ఊరుకోవయ్యా! బొచ్చె పోతే ఏమైంది, నీ జీతంలో కోస్తారా ఏమన్నా? నేను లేనా?" అని తన చేత్తో బీరువా తెరిచి, నీలం అంచు ఉన్న కొత్త పింగాణీ బొచ్చె తీసి ఇచ్చి, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకున్నారు. మంచినీళ్ళు కూడా ఇప్పించారు.

బొచ్చె చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చాక గానీ హజరత్తయ్యకు సంగతి అందలేదు. వెనక్కి పోదామనుకున్నాడు. అంత దయ చూపించిన మనిషి ముందు, మీరు తప్పు విన్నారని ఎలా చెప్పడం? బస్సులో కూర్చుని గిన్నెను ఒళ్ళో పెట్టుకుని ఆలోచిస్తే ఇంకొకటి తోచింది. కాగితం మీద పోయింది గిన్నె. దొరసాని పోలేదు. ఆ వచ్చిన ఆదివారం రంగనాయకులు గారు "ఉందా?" అంటే, నోరు దానంతట అదే "ఉండాదయ్యా" అంది.

తొమ్మిది దాటాక ప్యాసింజరు పొగ కనిపించింది. రంగనాయకులు గారు గొడుగు ఊతంగా, గాలం కర్ర భుజాన, మెల్లగా గట్టు ఎక్కారు. ఎడమ మోకాలికి గుడ్డ కట్టి ఉంది. హజరత్తయ్య ఎదురుపోయి సంచి అందుకున్నాడు.

"ఏమయ్యా హజరత్తూ, ఉందా?"

హజరత్తయ్య గట్టు మీద చాప పరిచాడు. ఆయన కూర్చున్నాక తవుడు ముద్ద ఉన్న బొచ్చెను ఇద్దరి నడుమ పెట్టాడు. ఆయన ఎర గుచ్చి విసిరారు. నెమలి ఈక బెండు నీళ్ళలో నిటారుగా నిలబడింది. గూడ్సు బండి ఒకటి వచ్చి, పోయింది. దాని చప్పుడు పూర్తిగా అణిగేదాకా హజరత్తయ్య ఆగాడు.

"మాష్టరుగారూ, బొచ్చె పొయ్యిందండీ."

రంగనాయకులు గారు తల తిప్పలేదు. కళ్ళు బెండు మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం పక్కకు వచ్చి, నడుమనున్న బొచ్చెలోంచి చిన్న ముద్ద తీసి వేళ్ళ మధ్య గుండ్రంగా చేసింది.

"పోతే పోనీలేవయ్యా. వచ్చే ఆదివారం కొత్తది తెస్తాలే. మంచి గట్టి బొచ్చె."

ఈయనకూ అదే అర్థమయిందా? హజరత్తయ్య మొలతాడు దగ్గరి గుడ్డసంచి విప్పి, గాలాన్ని తీసి బొచ్చెలో తవుడు మీద పెట్టాడు.

ఆయన దాన్ని తీసుకున్నారు. పంచె అంచుతో తుడిచి, కళ్ళకు దగ్గరగా పెట్టి చూశారు.

"హుస్సేన్ సాహెబు చుట్టిందే," అన్నారు. తీగను వేలితో రాస్తూ, "నాకు తెలుసులేవయ్యా," అన్నారు.

"ఏందయ్యా తెలుసు?"

"పద్మనాభయ్య మా పక్కింటాయన. 'బొచ్చె పోయిందని ఇంత మనిషి వలవలా ఏడ్చినాడు మాష్టారూ, నా చేత్తో కొత్తది ఇచ్చి పంపినాను' అని వీధి అరుగు మీద కూచోని అందరికీ చెప్పినాడు. అందరూ నవ్వినారు. నేను లోపలికి పోయి పడుకున్నా. ఆ రాత్రి అన్నం తినలా."

"రెండేళ్ళ నుంచి తెలుసునా?"

"ఆఁ."

"మరి ఎందుకొస్తా ఉండారయ్యా, ఆ మోకాళ్ళేసుకోని?"

"నువ్వు ఉండాదంటివి గదా." ఆయన గొంతులో చిన్న పిల్లల మొండితనం ఉంది. "నేను అడిగినప్పుడు నువ్వు నీళ్ళ పక్క చూసి ఆ మాట అంటావు చూడు, ఆ కాసేపూ ఉన్నట్టే ఉండేదయ్యా. ఇంట్లో నాకు అట్లా చెప్పేదెవరు?"

"నేనేమో మీరు కుమిలిపోతారని..."

"నేనేమో నీ మాట పోగొట్టగూడదని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది హజరత్తయ్యే. తర్వాత ఆయన. ఆ నవ్వులో బెండు మునగడం ఎవరూ చూడలేదు. దారం లాగి చూస్తే ఎర లేదు.

"తినేసి పోయింది దొంగది," అన్నారు రంగనాయకులు గారు ఎంతో సంతోషంగా.

మధ్యాహ్నం ఆయన పెరుగన్నం, ఇతని సంగటి, మాలకొండమ్మ ఇచ్చిన నెత్తళ్ళతో పెంచలమ్మ వండి పంపిన పులుసు ఇద్దరూ పంచుకున్నారు. దొరసాని ఎక్కడుందో ఆయన అడిగితే, తాటిచెట్ల నడుమ చోటు చూపించాడు. ఆయన కాసేపు అక్కడ నిలబడి, చెప్పులు వదిలి వచ్చానా లేదా అని కాళ్ళ వంక చూసుకుని, వెనక్కి తిరిగారు. చివరికి వీసెన్నర చిన్న బొచ్చె ఒకటి పడింది. దాన్ని నీళ్ళలోకి వదిలేశారు.

ప్యాసింజరు వేళకు హజరత్తయ్య స్టేషను దాకా తోడు పోయాడు. పెట్టె ఎక్కేటప్పుడు చంక కింద చెయ్యి వేసి ఎత్తాడు. కిటికీ దగ్గర నిలబడి, పొద్దుటి నుంచి మనసులో ఉన్నది అడిగాడు.

"వచ్చే ఆదివారం వస్తారా?"

"ఎందుకు రాను? ఉందా అని అడగాల గదా."

"ఉండాదనే చెప్తానండీ."

"చెప్పు. ఇదిగో, ఈ గాలం బొచ్చెకే తగిలించి ఉంచు. అది ఆమె వస్తువు. కొత్త బొచ్చె మాత్రం నిజంగానే తెస్తాను. ఆ సొట్టదాంట్లో నా వేళ్ళు ఇరుక్కుంటా ఉండాయి."

బండి కదిలింది. హజరత్తయ్య రైలుకట్ట వెంట గుంటకు తిరిగి వచ్చాడు. రెండేళ్ళ నుంచి మొలకు వేలాడిన ఆ సంచి ఇప్పుడు తేలిగ్గా ఉంది. బొచ్చె అంచు బొక్కలో గాలాన్ని తగిలించాడు. అడుగున మిగిలిన తవుడును అయిదు వేళ్ళతో అదిమి, రేపటికి పనికొస్తుందని రాతి మీద, పాక నీడలో పెట్టాడు. ఆయాసంగా ఉంది. ఎండలో నడిచినందుకనుకున్నాడు. పాక గుంజకు వీపు ఆనించి, కాళ్ళు చాపి, నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు. సముద్రపు గాలి మళ్ళింది. చేపలు పైకి వచ్చి నీళ్ళ మీద గుండ్రాలు వేస్తున్నాయి.

పొద్దు వాలుతూ ఉండగా పెంచలమ్మ వచ్చింది. "చెప్పినావా?" అని దూరం నుంచే అడిగింది. అతను నీళ్ళ వంకే చూస్తున్నాడు. మొహం నిమ్మళంగా ఉంది. చెప్పే ఉంటాడని ఆమె అనుకుంది. దగ్గరికి వచ్చి భుజం ముట్టుకున్నాక గానీ ఒళ్ళు చల్లబడిందని తెలియలేదు.

గూడూరుకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తర్వాతి ఆదివారం రంగనాయకులు గారు కాగితంలో చుట్టిన కొత్త బొచ్చె చంకన పెట్టుకుని గట్టు ఎక్కి, అలవాటుగా "ఉందా?" అన్నారు. పాక దగ్గరి నుంచి పెంచలమ్మ లేచి నిలబడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, నీళ్ళ పక్క చూసి చెప్పింది.

"ఉండాదయ్యా."

ఆయన చాప మీద కూలబడ్డారు. ఆమె కాగితం విప్పి, కొత్త బొచ్చెతో తవుడు కొలవడం మొదలుపెట్టింది. సొట్ట బొచ్చె రాతి మీదే ఉంది. అంచున గాలానికి చుట్టిన ఇత్తడి తీగ ఎండకు మెరుస్తూ ఉంది. అడుగున తవుడు ఎండి గట్టిపడింది, దాని మీద అయిదు వేళ్ళ గుర్తులు.