గంతలు కట్టిన యోహాను

క్రిస్మస్ సాయంత్రం. నరసాపురంలో చర్చి ఆవరణ నిండా జనం. స్టేజీ పక్కన తెర చాటున నిలబడిన రాణికి కాళ్లు ఒకచోట నిలవడం లేదు. తెల్లటి వాయిలు చీర, మోచేతుల దాకా జాకెట్టు, జడలో చామంతులు. వందేళ్ల కిందట లేసు అల్లే పిల్లలు ఇలాగే ఉండేవారని మాస్టారు చెబితే అలాగే తయారైంది. ఇంకాసేపట్లో ఆమె రాణి కాదు, మరియ.

నాటకం రాసి ఆడిస్తున్నది హైస్కూలు మాస్టారు రమేష్ బాబుగారు. కథ చిన్నదే. కాలువల్లో సరుకు పడవలు నడిచే రోజుల్లో, దొరసాని దగ్గర లేసు నేర్చుకున్న మరియ, పడవ లాగే యోహాను ఒకరినొకరు ఇష్టపడతారు. క్రిస్మస్ నాడు వాళ్ల పెళ్లి. కాలువ లాకుల దగ్గర పడవ యజమాని అడ్డం పడతాడు. "ఈ లేసు మూటల్లో నీ మరియ అల్లింది ఏదో గంతలు కట్టుకుని తడిమి చెప్పు. చెబితే పడవ తీసుకుని పెళ్లికి పో. తప్పావా, నా సరుకుతో రాజమండ్రి పోవాల్సిందే" అంటాడు. యోహాను సరైన మూట పట్టుకుని "ఇది నా మరియ చెయ్యి" అంటాడు. తర్వాత పెళ్లి, పాట, కేకు ముక్కలు.

యోహాను వేషం ఏసుపాదానిది. రాణి కంగారుకు అసలు కారణం అదే.

లేసు ఎగుమతి చేసే షావుకారు దగ్గర పని అతనిది. వారం వారం మోపెడ్ మీద వీధి వీధికీ తిరిగి నూలు ఇచ్చి, ఆడవాళ్లు అల్లిన లేసు పువ్వులు పట్టుకెళతాడు. మూట విప్పి, ఒక్కో పువ్వు మీదా బొటనవేలు నడిపి చూసుకుంటాడు. "బావుందండి రాణిగారూ" అంటాడు. రెండేళ్లుగా అంతకు మించి మాట లేదు. ఒకసారి వానలో వచ్చాడు. తను నిలువునా తడుస్తూ, ఒంటి మీది రెయిన్ కోటు తీసి ఆమె మూటకి చుట్టి పట్టుకెళ్లాడు. ఆ ఒక్క వానని తలుచుకుంటూ రాణి రెండు ఎండాకాలాలు గడిపేసింది.

రేపు పాలకొల్లు నుంచి పెళ్లివారు వస్తున్నారు, మాట ఖాయం చేసుకోవడానికి. అబ్బాయి మంచివాడే, రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. తల్లి పోయాక రాణిని ఒంటి చేత్తో పెంచిన తండ్రి చిట్టియ్య, ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చల్లబడిన చేతులు పొయ్యి దగ్గర కాచుకుంటూ అడిగాడు కూడా: "నీకు ఇంకెవరి మీదైనా మనసుంటే చెప్పమ్మా." ఏమని చెబుతుంది? ఒక రెయిన్ కోటుందని చెబుతుందా? ఏసుపాదం నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు, దాన్ని పట్టుకుని వద్దనగలదు. ఆ మాటే రావడం లేదు. రిహార్సల్సులో "మరియా, నువ్వు లేని ఒడ్డు నాకొద్దు" అని గొంతెత్తి అరిచేవాడు, స్టేజీ దిగగానే తన చెప్పుల వంక చూసుకునేవాడు.

లాకుల సీను మొదలయ్యే వేళకి రాణి తొంగి చూసింది. బల్ల మీద ఐదు మూటలు. మాస్టారు బజారులో మిషను లేసు కొనుక్కొస్తే, లైట్ల కింద అది ప్లాస్టిక్‌లా మెరుస్తోందని రాణే వాటిని మార్పించింది. వీధిలో నలుగురి దగ్గర అసలు లేసు తెచ్చి పెట్టింది. రిహార్సల్సులో ఏసుపాదం పట్టుకునే కుడి చివర తన మూట ఉంచింది. ఇప్పుడు చూస్తే అక్కడ తనది లేదు. అది మధ్యలో ఉంది!

"పిన్నీ! మూటలు ఎవరు మార్చారు?"

సామాన్లు చూసుకుంటున్న వీరవేణి తాపీగా తిరిగింది. పక్కింటామె. ఊళ్లో వాళ్లు అల్లిన పువ్వులన్నీ దుప్పట్లుగా, బల్లగుడ్డలుగా అతికేది ఆమే.

"నేనేనే. బిగువుగా అల్లే చెయ్యి పక్కన వదులుగా అల్లే చెయ్యి పెట్టారేంటి? అలా అతికితే గుడ్డ ముడతలు పడదూ? చూళ్లేక సర్దాను."

"అయ్యో! అవి అతకడానికి కాదు పిన్నీ, నాటకానికి!"

"నాటకమైతే మాత్రం? లేసు లేసే కదే."

సరిచేద్దామంటే వ్యవధి లేదు. తెర లేచిపోయింది.

రాణి వెళ్లి అట్టతో చేసిన లాకు గట్టు మీద కూర్చుంది. నిజానికి కొంప మునిగేదేం లేదు. అతను కుడి చివర మూట తీస్తాడు, మాట చెబుతాడు, జనం చప్పట్లు కొడతారు. అది ఎవరి లేసో కింద కూర్చున్నవాళ్లకేం తెలుసు? అయినా ఆమె మనసులో పందెం పడిపోయింది. వేరే ఎవరి అల్లికో పట్టుకుని 'నా మరియ చెయ్యి' అన్నాడా, రేపు పాలకొల్లు వాళ్లకి సరేనంటుంది.

యజమాని వేషంలో బుల్లియ్య అంటించుకున్న మీసం మెలేసి, ఏసుపాదానికి గంతలు కట్టాడు. "ఊఁ, తడుముకోరా యోహానూ!"

ఏసుపాదం నేరుగా కుడి చివరకి నడిచాడు. మూట మీద చెయ్యి వేశాడు. నోరు తెరిచాడు.

మూసేశాడు.

బొటనవేలు ఇంకోసారి నడిపాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అదే, అదే! డైలాగ్ చెప్పు!" తెర వెనక నుంచి మాస్టారు.

"కాదండి" అన్నాడు ఏసుపాదం.

"ఒరేయ్, స్క్రిప్టులో అదేరా" అని బుల్లియ్య మీసం చాటు నుంచి గొణిగాడు. కాలర్ మైకు ఆ గొణుగుడిని గేటు దాకా మోసింది. జనం గొల్లుమన్నారు.

"స్క్రిప్టు సంగతి నాకు తెలీదండి. ఇది వదులు చెయ్యండి."

"అది మా లోవలక్ష్మి వదినదే!" అని కింద నుంచి ఎవరో అరిచారు. మళ్లీ నవ్వులు.

ఏసుపాదం రెండో మూట తడిమాడు. తల అడ్డంగా ఊపాడు. మూడోదాని మీద అతని వేలు ఆగిపోయింది. కరెంటు పోయిన ఇంట్లో సొంత గడప కాలికి తగిలినవాడిలా ముఖం విప్పారింది. మూటని రెండు చేతులతో ఎత్తి గుండెకి పెట్టుకున్నాడు.

"ఇది రాణిగారి చెయ్యి."

జనంలో ఈలలు.

"మరియ! మరియ అనరా!" మాస్టారు తల పట్టుకున్నారు.

ఏసుపాదానికి అప్పుడు తెలిసింది తను అన్నదేమిటో. చెవులు ఎర్రబడ్డాయి. మూట మాత్రం దించలేదు.

"తప్పు చెప్పానండి. అబద్ధం మాత్రం కాదండి."

ముందు వరసలోంచి చిట్టియ్య లేచాడు. ఈలలు ఆగాయి.

"ఏసుపాదం, మా అమ్మాయి అల్లిక నీకెలా తెలుసు?"

"రెండేళ్లుగా మోస్తున్నాను కదండి."

"ఊరందరిదీ మోస్తావు కదయ్యా."

"మోస్తానండి. దింపబుద్ధి కానిది ఇదొక్కటేనండి."

"ఆ గంతలు తీసి చెప్పు."

"తీస్తే చెప్పలేనండి చిట్టియ్యగారూ."

ఈసారి నవ్వింది వీరవేణి ఒక్కతే. నవ్వి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు 'గంట మోగుతోంది యోహానూ, పడవెక్కు' అనాలి రాణి. లేచి నిలబడింది. నాలుగు నెలలుగా నోట్లో నానుతున్న ఆ వాక్యం ఎటు పోయిందో తెలియదు.

"నాన్నా, పాలకొల్లు వాళ్లకి ఫోన్ చేసి రేపు రావద్దని చెప్పు."

ఆమె కాలర్ మైకు కూడా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వీధిలో వేరుశనక్కాయల బండివాడు సైతం తల తిప్పి చూశాడు.

చిట్టియ్య కూతురి వంక చూశాడు.

"మొన్న అడిగితే చెప్పకూడదూ?"

"మొన్న చెప్పడానికి ఏమీ లేదు నాన్నా. ఇప్పుడే వచ్చింది."

"సరే" అన్నాడు. "వాళ్లు మంచివాళ్లమ్మా, నొచ్చుకోకుండా నేను చెప్పుకుంటాను. మాస్టారూ, కానివ్వండి. పిల్లలు మంచులో కూర్చున్నారు."

"మరి నా పడవ?" అన్నాడు బుల్లియ్య, జారిపోతున్న మీసం పట్టుకుని.

"పోయినట్టే!" అంది ఊరంతా ఒక్క గొంతుతో.

క్వాయర్ పాట ఎత్తుకుంది. బుల్లియ్య గంతలు విప్పాడు. ఏసుపాదం లైట్ల వెలుగుకి కళ్లు చిట్లించాడు. ఆమె కనబడగానే మళ్లీ చెప్పుల వైపు చూడబోయి, ఆగాడు.

ఇద్దరూ చేతులు పట్టుకుని పడవెక్కాలి. రిహార్సల్సులో మాస్టారు ఎంత మొత్తుకున్నా అతను ఆమె కొంగు అంచు పట్టుకుని నడిచేవాడు. ఇప్పుడు చెయ్యి చాపాడు. రాణి పట్టుకుంది. తెర వెనక కుర్రాళ్లు తాడు లాగారు. అట్ట పడవ కిర్రుమంటూ కదిలింది.