గాలిలో నాలుగు కాళ్లు

మౌలాలికి యాభై తొమ్మిదేళ్లు. అందులో ముప్ఫై ఏడేళ్లు వన్ టౌన్‌లో ఇంటి ముందుగదిలోనే, రేడియోలు, బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తూ గడిపాడు. ఆయన పనికి ఎవరైనా వంక పెట్టారా, ఇక వాళ్ల గతి అధోగతే. అలాంటి మనిషికి ఆ శనివారం పొద్దున్నే, నోరూ వాయీ లేని ఒక లాప్‌టాప్ ఇరవై మూడు తప్పులు పట్టింది.

"ఇరవై మూడా?" అన్నాడు మౌలాలి కళ్లజోడు సవరించుకుంటూ. "నానేటి, టెన్త్ పరీక్ష రాసినానా?"

కూతురు మెహక్ నవ్వు ఆపుకుంది. దువ్వాడలో ఒక చిన్న కంపెనీలో సర్క్యూట్లు గీయడం ఆమె ఉద్యోగం. తండ్రి చేసే నీళ్ల అలారాన్ని కంప్యూటర్‌లో గీసి, ఫ్యాక్టరీలో బోర్డులు చేయిద్దామని పట్టుబట్టింది ఆమే. చేపల బోటు అడుగున నీళ్లు చేరితే హారన్ మోగించే చిన్న పెట్టె అది. నాలుగేళ్లలో ముప్ఫై ఒక్క బోట్లకు మౌలాలి చేత్తో చేసి బిగించాడు. ఇంకో అరవై మంది అడుగుతున్నారు, చేత్తో అయితే ఏడాది పడుతుంది. అందుకే ఆయన తన సర్క్యూట్‌ని జ్ఞాపకం మీద కాగితంపై గీసిచ్చాడు, కూతురు దాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించి, తప్పులు చూసే మీట నొక్కింది. తెర నిండా ఎర్ర బాణాలు వాలాయి.

"కంగారు పడకు అబ్బా" అంది తండ్రితో. "ఇందులో సగం ఉత్త చాదస్తం. ఇది సూడు, ఐసీ చిప్పుకి కరెంటు రావట్లేదంటంది."

"ఎందుకు రాదు? బ్యాటరీ నుంచి వస్తంది కదా!"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. దీనికి తెలీదు. బ్యాటరీ తీగ మీద ఒక జెండా గుర్తు పెట్టి, కరెంటు ఇక్కడి నుంచి వస్తందని సెప్పాలి."

జెండా పెట్టింది. ఒక్క దెబ్బకి పదకొండు తప్పులు మాయమయ్యాయి. మౌలాలి మీసం కాస్త పైకి లేచింది. తర్వాత ఎనిమిది చోట్ల తీగలు అంటుకున్నట్టే కనిపిస్తూ వెంట్రుకవాసి ఎడంగా ఉన్నాయి. అవి మెహక్ తొందరలో గీసినవి, సరిగ్గా కలపగానే అవీ పోయాయి.

"అయితే తప్పులు నీవన్నమాట. నన్నంటంది పిచ్చి యంత్రం!" అన్నాడాయన. కుర్చీలో వెనక్కి వాలి చాయ్ గ్లాసు అందుకున్నాడు.

ఇంకా నాలుగు మిగిలాయి. మెహక్ వాటి మీద వేలు పెట్టింది.

"ఈ ఐసీలో ఒకే పని చేసే నాలుగు గేట్లుంటాయి. మనం రెండే వాడినాం. మిగతా రెండింటి ఇన్‌పుట్ కాళ్లు నాలుగూ దేనికీ కట్టలేదు అబ్బా. గాల్లో ఉన్నాయి."

"వాడని కాళ్లతో పనేటి?"

"ఈ రకం ఐసీకి పనుంది. కాలు ఊరికే వదిలేస్తే అది తనకు తానే ఆన్, ఆఫ్ అవుతా కొట్టుకుంటాది, లోపల్లోపల వేడెక్కుద్ది. ఈ ఉప్పుగాలికి ఏదో ఒక రోజు చచ్చిపోద్ది. అప్పుడు బోటులోకి నీళ్లొచ్చినా హారన్ మోగదు. ఇక్కడ 'వాడట్లేదు' అని ఎక్స్ గుర్తు పెట్టేస్తే ఎర్రర్ పోతాది గానీ, కాళ్లు గాల్లోనే ఉంటాయి."

మౌలాలి గ్లాసు కింద పెట్టేశాడు. కాగితం మీద ఈ నాలుగు కాళ్లకీ తీగ గీయడం మరిచిపోతే అది వేరే సంగతి. చెరిపి గీసుకోవచ్చు. కానీ ఆ ముప్ఫై ఒక్క పెట్టెల్లో కట్టాడా? ఎంత గింజుకున్నా కట్టిన గుర్తు రాలేదు. వేట నిషేధం ఇంకో ఆరు రోజుల్లో అయిపోతుంది, ఆ బోట్లన్నీ సముద్రంలోకి పోతాయి. ఒక్కో బోటులో ఎనిమిది మంది. రాత్రి పూట వాళ్లు ఆ హారన్‌ని నమ్మే కళ్లు మూస్తారు. ఇంట్లో చూసుకోవడానికి ఒక్క పెట్టె కూడా లేదు, చేసినవి చేసినట్టే పోయేవి. భార్య మదీనా బీతో చెప్పుకుందామంటే ఆవిడ కంచరపాలెంలో చెల్లెలింటికి వెళ్లింది.

"ఆటో పిలు బేటీ" అన్నాడు.

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉన్నాయి. బోటు యజమాని తిరుమలరావు పలకలకి రంగు వేయిస్తున్నాడు.

"ఏటి భాయ్, ఇంత ఎండలో వొచ్చినావు? ఎవులికైనా ఏటైనా అయిందేటి?"

"ఏటీ కాలేదు. ఏటీ కాకూడదనే వొచ్చినాను" అని మౌలాలి తిన్నగా ఇంజన్ గదిలోకి దిగాడు. తొందరలో ఒక స్క్రూ జారి ఎక్కడో పడింది. మెహక్ ఫోన్ లైటు పట్టుకుంది. పెట్టె తెరిచి, బోర్డు తిప్పి, వార్నిష్ పూత కిందికి తొంగి చూశాడు.

నాలుగు కాళ్లనీ కలుపుతూ సన్నని రాగి తీగ ఒకటి బ్యాటరీ మైనస్‌లోకి పోయింది.

"కట్టే ఉంది!" అని మెహక్ అరిచింది. "కట్టే ఉంది అబ్బా!"

మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. అక్కడే నూనె మరకల మీద చతికిలబడి అల్లాకి వందసార్లు షుక్రియా చెప్పుకున్నాడు. తర్వాత మళ్లీ లైటు దగ్గరికి లాక్కుని చూశాడు. ఆయన సోల్డరింగ్ చుక్క శనగగింజంత ఉంటుంది, ఊళ్లో అందరికీ తెలుసు. ఈ నాలుగు చుక్కలూ ఆవగింజంతే ఉన్నాయి.

"ఇది నా చెయ్యి కాదు" అన్నాడు.

పక్క బోటు ఎక్కి చూశాడు, దాని పక్కదీ చూశాడు. అక్కడా అదే తీగ, అవే ఆవగింజలు. తండ్రీకూతుళ్లు ఆటో ఎక్కి తిన్నగా ఇంటికి వచ్చారు. ఆయన చేసిన ప్రతి బోర్డుకీ ఉప్పు పట్టకుండా వార్నిష్ పూసి, పెట్టెలో పెట్టి మూత బిగించే మనిషి ఒక్కరే.

మదీనా బీ అప్పుడే వచ్చి బెండకాయలు కోస్తోంది. సంగతి విని కత్తిపీట మీంచి తల కూడా ఎత్తలేదు.

"నానే కట్టినాను. ముప్ఫై ఒకటికీ."

"నీకెవరు సెప్పినారు?"

"మీరే. మొదటి రెండింటికీ మీరు కడతంటే సూసినాను, వాడని కాలు గాల్లో వదలకూడదని సెప్పినారు. ఆ రెండూ రిపేరుకి తిరిగొచ్చినప్పుడు తీగ ఊడిపోయుంటే మళ్లీ నానే వేసినాను. మూడోదాని కాడ్నించి మీరు మర్సిపోయినారు. మీరు టెస్టు సేసి ఇచ్చీగానే వార్నిష్ పూత్తంటే ఐసీ ఏలికి ఎచ్చగా తగిలింది."

"మరి నాకు సెప్పలేదేటి?"

ఆవిడ ఇప్పుడు తలెత్తింది. "సెప్పినాను. 'నాకు నేర్పుతావా' అని కసిరినారు. మరింకెందుకులే అని కట్టీడం మొదలెట్టినాను."

మౌలాలికి ఆ కసరడం గుర్తు లేదు. గుర్తు లేకపోవడం చూసి ఆయనకే సిగ్గేసింది. నాలుగేళ్లుగా రెండువందల యాభై మంది ప్రాణాలకి ఈవిడ కాపలా కాస్తే, తను మీసం మెలేస్తూ తిరిగాడు. పైకి మాత్రం, "నా నెత్తిన పాలు పోసినావు మదీనా" అనగలిగాడు.

మెహక్ ఆ తీగ గీసి మళ్లీ మీట నొక్కింది. తెర మీద ఒక్క ఎర్ర బాణం లేదు.

"సున్నా! ఫ్యాక్టరీకి పంపించీమంటావా?" అంది ఉత్సాహంగా.

"ఆగు" అన్నాడు మౌలాలి. తన కుర్చీ ఖాళీ చేసి, భార్య చేతిలోంచి బెండకాయల పళ్లెం తీసుకున్నాడు. "ఇలా కూకో. నాను మర్సిపోయినవి ఇంకేటైనా ఉన్నాయా?"

మదీనా బీ కూతురి వంక చూసింది, మొగుడి వంక చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది.

"రెండున్నాయి" అంది. "కోప్పడకుండా ఇంటానంటే సెప్తాను."