విన్నామని చెప్పే ఫోన్లు

"ఆదివారం కూడా ఆఫీసేనా? ఇక మా గతేం కాను?" అన్నాడు మొగుడు, సోఫాలో కాస్త పక్కకి జరుగుతూ. జరిగింది ఆమె కూర్చోవడానికి కాదు, ఆమె మడతపెడుతున్న బట్టలు పెట్టడానికి.

"మీ గతి నాతోనే. టిఫిన్లు కాగానే తయారవ్వండి, మీరు నలుగురూ నాతో ఆఫీసుకి వస్తున్నారు" అంది ఆమె తువ్వాలు దులుపుతూ. అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. బతిమాలే మాటలు తప్ప ఇలాంటి మాట ఈ ఇంట్లో తన నోట వచ్చి ఎన్నాళ్ళయిందో.

సంగతేమిటంటే, సెల్‌ఫోన్ టవర్ల మీద బిగించే డబ్బాలు తయారుచేసే కంపెనీలో ఆమె ఇంజినీరు. డబ్బాకి ముందువైపు ఒక పలక, పలక నిండా యాంటెన్నాలు. ఒకే క్షణంలో నలుగురికి నాలుగు రకాల కబుర్లు పంపగలదు. ఎవరికెంత వేగంగా పంపాలో ఆ ఫోన్లే చెప్పాలి. "నాకు బాగా వినబడుతోంది, దంచెయ్" అంటుంది ఒకటి. "అమ్మో, మెల్లగా" అంటుంది ఇంకొకటి. పిండి కొద్దీ రొట్టె అన్నమాట. చిక్కల్లా ఎక్కడంటే, ఫోను తనొక్కటే ఉన్నట్టు ఊహించుకుని చెబుతుంది. అదే క్షణంలో ఇంకో ముగ్గురికి పంపేవి కూడా దాని చెవిన పడితే అంతా గోల. పైగా మనిషి నడుస్తుంటే, ఆ ఫోను చెప్పిన మాట డబ్బాకి చేరేలోపే పాతబడిపోతుంది. అది నమ్మి దంచేస్తే పంపినవాటిలో సగం చెడిపోతాయి, మళ్ళీ పంపాలి. ఆమె కనిపెట్టిన పద్ధతి ఫోన్లు చెప్పేది వింటుంది గానీ గుడ్డిగా నమ్మదు. పంపిన ప్రతి ముక్కకీ "అందింది" అని ఫోను జవాబిస్తుంది కదా, ఆ జవాబులు చూసుకుంటూ, ఎవరి పక్కన ఎవరున్నప్పుడు ఎంత వేగం తగ్గించాలో తనే నేర్చుకుంటుంది. "పది నిమిషాల్లో వచ్చేస్తా" అనే మొగుడితో ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి ఇది కనిపెట్టడం బ్రహ్మవిద్యేం కాదు.

"బల్లల మీద పెట్టిన ఫోన్లతో బాగానే ఉందమ్మా. నడిచే మనుషులతో చూపించు, సోమవారం పైవాళ్ళ ముందు పెడదాం" అన్నాడు శుక్రవారం నాడు పెద్దసారు. చూపించలేకపోతే రెండేళ్ళ పని అటకెక్కుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. "పనిచేస్తే పైవాళ్ళకి మన మైకు చెబుతాడులే. నువ్వు పక్కన కూర్చుని, వాళ్ళేమైనా అడిగితే అతనికి చీటీ అందించు. ఇల్లూ పిల్లా ఉన్నదానివి, నీకెందుకా టెన్షన్?" అన్నాడు. మైకంటే ఆమె పక్క సీటు కుర్రాడు. గొంతు బాగుంటుందని ఆఫీసంతా ఆ పేరు పెట్టింది. ఆమె లెక్కలు అతని గొంతులోంచి వెళ్ళడం ఇది మొదటిసారేం కాదు. కాగితాలు మడిచి సంచిలో కుక్కుతూ ఆమె "సరే సార్" అంది. సెలవురోజు వచ్చి నడవడానికి మాత్రం ఆఫీసులో ఒక్కడూ దొరకలేదు.

అందుకే ఇంటిల్లిపాదినీ తోలుకొచ్చింది. గోడకి డబ్బా బిగించిన ఆఫీసు హాలు చూసి అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదంతా నీదేనా?" అన్నారు. "ఇవాళ్టికి నాదే అత్తయ్యా" అని ఆమె నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు పెట్టింది. మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఛాతీ విరిచి, "ఎటు నుంచి ఎటు?" అన్నారు. కాలు నిలవదని బొంగరం అని పిలుచుకునే కూతురు "పరిగెత్తొచ్చా?" అని అప్పుడే పరిగెత్తింది. "నావి మోకాళ్ళ నొప్పులు, నెమ్మదిగా తప్ప నడవలేనే" అన్నారు అత్తగారు. "మీరు నెమ్మదిగా నడవడమే నాక్కావాలి" అంది ఆమె. ఇంతకాలం ఆ నెమ్మది మీద విసుర్లే తప్ప మంచిమాట వినని ఆవిడ మొహం మతాబులా వెలిగింది.

"నేనేం చెయ్యాలి?" అన్నాడు మొగుడు తన ఫోన్లోంచి తలెత్తకుండానే.

"దాన్ని జేబులో పెట్టి, ఇది పట్టుకుని నడవండి. ఆలోచించక్కర్లేదు, అది నేను చూసుకుంటా."

ముందు పాత పద్ధతి పెట్టింది. తెరమీద నలుగురికీ నాలుగు పట్టీలు. అందిన ప్రతి ముక్కకీ పచ్చ చుక్క, పోయినదానికి ఎర్ర చుక్క. బొంగరం తాతగారి పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా ఇద్దరి పట్టీలూ ఎర్రబడ్డాయి. మొగుడైతే తన తల్లి చుట్టూనే తిరుగుతూ ఆవిడవీ తనవీ కలిపి చెడగొట్టాడు. తర్వాత తన పద్ధతికి మార్చి, ఆమె కళ్ళార్పకుండా చూసింది. మళ్ళీ ఎరుపే. "అయిపోయింది, రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే" అనుకుంది. అంతలో ఎరుపు పలచబడింది. అది నేర్చుకుంటోంది! బొంగరం ఎవరి పక్కకొస్తే వాళ్ళకి వేగం తగ్గిస్తోంది, దాటిపోగానే పెంచుతోంది. పట్టీలు నాలుగూ పచ్చగా, వరి నాటిన మడుల్లా పరుచుకున్నాయి. ఆమె ఈల వేసింది. పెళ్ళయ్యాక వేసిన మొదటి ఈల అది.

అందరూ తెర చుట్టూ మూగారు. "ఈ పచ్చవన్నీ ఏమిటే?" అన్నారు అత్తగారు.

"మీ ఫోన్లు 'అందింది' అని ఇచ్చిన జవాబులు అత్తయ్యా. చుక్కకో జవాబు."

ఆవిడ చాలాసేపు చూశారు. "ఎంత అదృష్టం చేసుకుందో ఈ డబ్బా! నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను. విన్నామని ఒక్కరూ అన్న పాపాన పోలేదు."

"అదేంటి, నేను వింటూనే ఉంటాగా" అన్నారు మామగారు.

"వచ్చిందే, నాకు మొదటి చుక్క!" అన్నారు అత్తగారు. హాలంతా నవ్వులే. మొగుడూ నవ్వాడు గానీ, సగంలో ఆపేసి పెళ్ళాం వంక చూశాడు.

ఆమెకి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఎంత సంతోషంగా ఉందో అంత కోపంగానూ ఉంది. మామగారికి ఒక్కో మాటా గట్టిగా చెప్పాలి, పిల్లకి అది గుమ్మం దాటేలోపు చెప్పాలి, మొగుడికి రెండుసార్లు చెప్పాలి. ఎవరికెంత పడుతుందో చూసి చూసి పంచడమే ఇన్నేళ్ళ బతుకయింది. తన దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ దంచేవాళ్ళే. "నువ్వు చూసుకుంటావులే", "నీకు అలవాటేగా", "పక్కన కూర్చుని చీటీ అందించు." ఆమె సరే అన్నదే విన్నారు గానీ, ఎలా అన్నదో ఒక్కరూ పట్టించుకోలేదు. ఇక తన దగ్గర్నుంచి ఆ 'సరే' వెళ్ళదు. ఆమె అక్కడే నిలబడి పెద్దసారుకి ఫోన్ చేసింది.

"సార్, నడిచే మనుషులతో కూడా పనిచేసింది."

"శభాష్! మైకుకి పంపించెయ్యి, ప్రాక్టీసు చేసుకుంటాడు."

"పంపను సార్. నేనే చెబుతాను."

"అది కాదమ్మా, నీకు అలవాటు లేదు కదా..."

"రెండేళ్ళ క్రితం ఈ లెక్కలూ అలవాటు లేవు సార్. కావాలంటే మైకుని నా పక్కన కూర్చోమనండి, చీటీలందిస్తాడు."

 అవతల చిన్న నవ్వు వినిపించింది. "సర్లే, నువ్వే చెప్పు."

ఫోన్ పెట్టేశాక ఆమె నలుగురి చేతుల్లోని ఫోన్లూ తీసుకుని బల్ల మీద పెట్టింది.  "మరి సోమవారం పొద్దున్న పిల్లని బడికి..." అని మొగుడు మొదలుపెట్టి, తల్లి చూపు చూసి, "నేను దింపుతాలే" అని ముగించాడు.

"అందరూ కూర్చోండి. మీరే పైవాళ్ళు, నేను చెబుతా" అంది ఆమె. అత్తగారు కుర్చీని బరబరా ముందుకి లాక్కుని కూర్చున్నారు. "గట్టిగా చెప్పమ్మా, వెనక వరసకి వినబడాలి" అన్నారు వెనక వరసలో ఒక్కరే కూర్చున్న మామగారు. ఆమె తెర పక్కన నిలబడి గొంతు సవరించుకుంది.

"అందరికీ నమస్కారం. మా టీము..." అని ఆగిపోయింది. చీరకొంగు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"అందరికీ నమస్కారం. దీన్ని కనిపెట్టింది నేను."